తారుమారు చేసిన చీటీలు

బావా,

పక్కింటావిడ తాళంతో పాటు ఈ ఉత్తరం కూడా ఇస్తుంది. ఇది చదివాకే ఫ్యూజుల పెట్టె మూత తియ్యి. నా మీద ఒట్టు.

మొన్నటి గాలివాన తర్వాత హాల్లో కరెంటు ఉంది, వంటగదిలో లేదు. లైన్‌మాన్ స్తంభం ఎక్కి చూసి, "లైను బాగానే ఉంది, తేడా మీ ఇంట్లోనే" అన్నాడు. "ఇంట్లో తేడా నేనే కదండీ" అన్నాను. నవ్వలేదు, మొద్దుమొహం.

అసలు సంగతి చెప్తాను, తిట్లు తర్వాత. నువ్వెప్పుడూ మెయిన్ ఆపవు. ఫ్యూజు మీద అంటించిన గది పేరు చీటీ చూసి ఆ ఒక్క ఫ్యూజే పీకి, మహారాజులా వైరు పట్టుకుంటావు. ఆ చీటీలు నమ్మకు. మూడేళ్ల కిందట నువ్వూ అక్కా వచ్చి వెళ్లిన రోజే వంటగది చీటీ హాలుకీ, హాలుది వంటగదికీ మార్చి అంటించాను. ఈసారి వచ్చినప్పుడు నువ్వు బుర్ర గోక్కుంటూ రెండు రోజులు తంటాలు పడితే, ఆ రెండు రోజులూ అక్క మా ఇంట్లో ఉంటుందని నా ఆశ.

అక్క మళ్లీ రాలేదు. ఆసుపత్రి నుంచి అటే పోయింది. చీటీల మీద తన చేతిరాతే కదా, సరిచేద్దామని పెట్టె తెరిచినప్పుడల్లా చదువుకుని మూసేశాను.

నువ్వు వైరు పట్టుకున్నప్పుడే కరెంటు వచ్చిందనుకో, పైనున్న అక్కకి నేనేం చెప్పుకోను? మెయిన్ ఆపు బావా.

పది నిమిషాల్లో బాగుచేసేస్తావని తెలుసు. అయినా నేను డ్యూటీ దిగి వచ్చేదాకా కూర్చో. అక్క పోయాక నువ్వు రావడం మానేశావు. నేనింకా నీ బావమరిదినే.

నీ పాత తలనొప్పి