వినబడుతున్నట్టు తేలిన చెవుల గురించి

మాజీ సైనికుల వైద్య సంక్షేమ శాఖ ప్రధానాధికారి గారి సముఖమునకు, ఫిరంగి దళంలో పనిచేసి విశ్రాంతి పొందిన సైనికుడు సమర్పించుకొను అర్జీ.

విషయం: నా రెండు చెవులూ సలక్షణంగా పనిచేయుచున్నవని తమ శాఖ ఇచ్చిన నివేదికను రద్దుపరచి, నన్ను చెవిటివానిగా గుర్తించి, వినికిడి యంత్రం ఇప్పించుట గురించి.

అయ్యా,

దిగువ సంతకం చేసిన నేను తమకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా వయసంతా ఫిరంగి పక్కన గడిచినది. ఆ చప్పుడుకు మొదట కుడి చెవి, తరువాత ఎడమ చెవి పోయినవి. కొలువులో ఉండగా ఈ సంగతి ఎవరికీ పట్టలేదు, నాతో సహా. ఫిరంగి దగ్గర చెవులతో పని ఉండదు. నాయకుడు చెయ్యి పైకెత్తి కిందికి దించుతాడు, మనం పేలుస్తాం. నోటిమాట కోసం ఎదురుచూసేవాడు అక్కడ ఒక్క పూట కూడా పనికిరాడు.

2. ఇంటికి వచ్చిన పిమ్మట నా భార్య పెదవులు చూచి మాట గ్రహించుట అలవరచుకొంటిని. ఆవిడ ఎదురుగా కూర్చుని, నిదానంగా, ఒక్కో మాటా నాకు అందించేది. కోపం వచ్చినప్పుడు మాత్రం గోడవైపు తిరిగి తిట్టేది. ఆ తిట్లన్నీ గోడకే దక్కాయి. ఇట్లు సుఖముగా జరుగుచుండుటచేత ఏనాడూ తమ శాఖ గడప తొక్కి యంత్రం కావాలని అడిగిన పాపాన పోలేదు.

పోయిన చలికాలంలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. నోరు ఒక పక్కకు లాగేసింది, కుడి చెయ్యి పడిపోయింది. గొంతు మిగిలింది, అదీ బాగా సన్నగిల్లింది. పక్కింటావిడ రోజూ వచ్చి చూసి పోతుంది. "వదిన మాట తెలుస్తూనే ఉంది అన్నయ్యా, చెవి దగ్గర పెడితే చాలు" అంటుంది. పెట్టడానికి చెవి ఉంది, వినడానికే లేదు. పెదవులు చూద్దామంటే అవి నేను నేర్చుకున్న పెదవులు కావు. రాసి చూపమందామంటే చెయ్యి లేవదు. నీళ్లు కావాలన్నా దుప్పటి కావాలన్నా పక్కింటావిడ వచ్చి చెప్పాలి. మొగుడూ పెళ్లాల మాటలన్నీ ఆవిడ నోట రావు కదా! ఒకే గదిలో ఉంటూ ఇద్దరం చెరో ఊళ్లో బతుకుతున్నాం.

3. అందుచేత తమ ఆసుపత్రిలో వినికిడి పరీక్షకు హాజరైతిని. నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతికొక మీట ఇచ్చి, "శబ్దం వినబడినప్పుడల్లా నొక్కవలెను" అని రాసిన కాగితం చూపినారు. పరీక్ష చేసే అమ్మాయి అద్దానికి అవతల, నాకు ఎదురుగా కూర్చుంది. శబ్దం పంపేటప్పుడల్లా చెయ్యి ఎత్తి ఒక బటన్ మీదికి దించుతోంది.

అంతే, అయ్యా. చెయ్యి దిగింది, నొక్కాను. మళ్లీ దిగింది, మళ్లీ నొక్కాను. శబ్దం వచ్చిందా రాలేదా అన్న ఆలోచన నా బుర్రకు తట్టనే లేదు. ఆ అమ్మాయి బొటనవేలు ఎత్తి చూపిస్తే, గెలిచాను, ఇక యంత్రం ఇచ్చేస్తారని పొంగిపోయాను కూడా. ఇంత మొద్దును ఫిరంగి దగ్గర ఎలా నిలబెట్టారా అని తమకు తోచవచ్చును. నాకూ తోచింది, బస్సులో ఇంటికి పోతూ.

4. నివేదికలో "వినికిడి వయసుకు మించి బాగున్నది. సహకారం ప్రశంసనీయం. యంత్రం అనవసరం" అని ఉన్నది. వెంటనే తిరిగి వెళ్లి ఆ అమ్మాయికి జరిగినది చెప్పితిని. పాపం, ఆ పిల్ల ముఖం పాలిపోయింది. సంతకం పడిన నివేదికను దిద్దే అధికారం తనకు లేదని రాసి చూపింది. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. ఆమె మీద చర్య తీసుకుని చేతులు దులుపుకోవద్దని ప్రత్యేకముగా కోరుచున్నాను.

5. అభ్యంతరములు ఫోను ద్వారా మాత్రమే స్వీకరింపబడునని నివేదిక అడుగున ఉన్నది. పక్కింటావిడ నా తరఫున ఫోను చేయగా, బాధితుడే స్వయంగా మాట్లాడాలన్నారట. ఆవిడ ఫోను నా చెవికి ఆనించింది. నేను నా పేరు, దళం, చిరునామా చెప్పాను. అవతలివాళ్లు ఏమడిగారో తెలియక మళ్లీ అవే చెప్పాను. ఇంకోసారి చెప్పి పెట్టేశాను. సదరు సంభాషణ సంతృప్తికరముగా ముగిసినట్లు తమ శాఖ నుండి నాకు ఉత్తరం వచ్చినది.

6. ఎంతో తిరిగిన మీదట నన్ను వైద్యుల మండలి ముందుకు పిలిచినారు. ముగ్గురు పెద్ద డాక్టర్లు, ముగ్గురికీ మూతికి మాస్కులు. ఏవో అడిగారు కాబోలు, గుడ్డలు కదిలాయి. మాస్కు కొంచెం దించమని చేతులు జోడించాను. నడుమ కూర్చున్నాయన గోడమీది నిబంధన చూపించాడు. వారు రాసినది యథాతథంగా: "ప్రశ్నలకు జవాబిచ్చుటకు నిరాకరించెను. వినబడనట్లు నటించుచున్నాడు."

బయటకు వస్తుంటే వరండాలో తమ గుమాస్తా మాస్కు గడ్డం కిందికి లాక్కుని పక్కవాడితో అంటున్నాడు: "వీడితో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది." అక్షరం పోకుండా అతని పెదవుల మీద చదివాను. అంత పెద్ద కట్టడంలో నేను చెవిటివాణ్ని అని ఒప్పుకున్న మనిషి ఆయనొక్కడే. అతనిని నా సాక్షిగా పిలిపించవలెనని ప్రార్థించుచున్నాను.

7. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినలేనివాడు ఇంకెంత లోకువో తమ శాఖలో కళ్లారా చూశాను. అయ్యా, నాకు ఒళ్లు మండిపోతోంది. చెవులు తీసుకునేటప్పుడు తమరు నాకు ఏ పరీక్షా పెట్టలేదు. ఏ మండలీ కూర్చోలేదు. ఇప్పుడు మాత్రం పోయినవి పోయినట్టు నేను రుజువు చేయాలి, అదీ ఫోనులో.

కావున తాము దయయుంచి,

(అ) నాకు మరల పరీక్ష జరిపించవలెను. నా కుర్చీని గోడవైపు తిప్పించవలెను.

(ఆ) "నటించుచున్నాడు" అన్న మాట కింద దానిని రాసిన డాక్టరు గారిచేత పేరుతో సంతకం చేయించవలెను. రేపు నా భార్యకు ఏమైనా అయితే ఎవరిని అడగాలో నాకు తెలియాలి.

(ఇ) జవాబు కాగితం మీద ఇప్పించవలెను. దయచేసి ఫోను చేయవద్దు.

ఈ అర్జీని కింది గుమాస్తాలకు పంపక, తామే ఒకసారి కూర్చుని చిత్తగించవలెను.

ఇట్లు,
నటన చేతగాని
తమ విధేయుడు
(సంతకం)

తా.క. కవరు అంటించబోతుంటే ఆవిడ పెదవులు కదిలాయి. వెళ్లి మంచం మీద పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఏదో చెప్పింది. పక్కింటావిడను కేకేయబోతే ఎడమచేత్తో నా చొక్కా పట్టుకుని ఆపేసింది. ఇంకొకరి ముందు చెప్పే మాట కాదు కాబోలు. చివరికి ఏదో అడిగినట్టు నా ముఖంలోకి చూసింది. ఏం చేయను, "సరే" అన్నాను. ఆవిడ చొక్కా వదిలేసి, ఏడ్చింది.

దేనికి సరే అన్నానో నాకు తెలియాలి, అయ్యా. యంత్రం కొత్తది కానక్కర్లేదు, ఎవరైనా వాడి వదిలేసినదైనా ఫరవాలేదు. ఆ మాట మళ్లీ చెప్పే ఓపిక ఆవిడకు ఉండగా ఇప్పించండి.