ఆగని గొంతు

ప్రియమైన అక్కకి,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. నీ మరదలు నన్ను తిట్టడంలో ఇంకా క్షేమం. బావగారి మోకాలు కాస్త వంగుతోందని రాశావు, సంతోషం. నడుమైతే నీ ముందు ఎప్పుడూ వంగే ఉందిగా.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని అనుకోకు. ఫోనులో అయితే నీ గొంతు వినగానే ఏదో కోతి మాట అనేసి, అసలు మాట మింగేస్తాను.

అమ్మ కళ్ళజోడు ఏం చేశావని అడిగావు. బీరువాలో భద్రంగా ఉంది. చూపు పోయాక కూడా మందిరానికి పెట్టుకునే వెళ్ళేది కదా, ‘దేవుడు నన్ను గుర్తుపట్టాలిగా’ అంటూ. సెలూన్ బాగానే నడుస్తోంది. ఎవరి గొంతు మీదైనా కత్తి పెట్టే ముందు ఫోను సొరుగులో పడేస్తాను, చెయ్యి జారుతుందన్న భయం మాత్రం పోలేదు.

అమ్మ ఆఖరున నిన్ను చిట్టీ అని పిలిచిందా, పెద్దమ్మాయీ అని పిలిచిందా అని మళ్ళీ అడిగావు. చెబుతాను. ముందు కోడి సంగతి విను.

మందిరంలో పాటలు పాడించే పెద్దాయన గడ్డం గీయించుకోవడానికి వచ్చినప్పుడు, ఆయన ఫోనుకి రింగుటోనుగా కోడికూత పెట్టాను. పెట్టిన సంగతి నేనే మరిచిపోయాను. మొన్న ఆదివారం పాస్టరుగారు, తోటలో ప్రభువు వేదన పడుతుంటే శిష్యులు నిద్రపోయిన సంగతి చెబుతున్నారు. సరిగ్గా అప్పుడు కూసింది. మందిరమంతా నవ్వింది. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నీ మరదలు వెనకాలే వచ్చి, ‘మీ కోడేనా?’ అంది. ‘నాదే’ అన్నాను.

రోజూ సాయంత్రం అమ్మకి కీర్తన చదివేవాణ్ణి కదా. చావు చీకటి లోయలో నడిచినా భయపడనన్న మాట రాగానే ‘ఆగరా’ అనేది. అక్కడ ఇంటిల్లిపాదినీ పేరుపేరునా తలుచుకునేది, అందరికన్నా ముందు నిన్ను. తర్వాత ‘ఊఁ, చదువు’ అనేది.

నాకు ఓపిక లేకపోయింది. జేబులో ఫోను బుర్రుమంటే వేళ్ళు దురద పెట్టేవి. అందుకే నా గొంతుతోనే కీర్తన రికార్డు చేసి, పాత ఫోనులో అమ్మ దిండు పక్కన పెట్టాను. కొత్త ఫోను నా చేతిలో. ‘ఏరా, ఇవాళ ఒక్క దగ్గూ లేదు, బాగా చదివావే’ అంది మొదటిరోజు. ‘దేవుడు బాగుచేశాడమ్మా’ అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ‘ఆగరా’ అనగానే నొక్కి ఆపేవాణ్ణి.

ఆ సాయంత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూడా పెట్టుకున్నాను. ఎవడో జారిపడే వీడియో. నవ్వుతున్నాను. అమ్మ చెయ్యి నా మోకాలి మీదే ఉంది. పెదాలు కదలడం చూశాను అక్కా. చూసి కూడా, ఈ ఒక్కటీ అయిపోనీ అనుకున్నాను. చెవుల్లోంచి తీసేసరికి పాత ఫోనులో నా గొంతు లోయ దాటి వెళ్ళిపోయింది. అమ్మ కూడా.

ఆఖరున నీ పేరు పిలిచిందని ఆ రోజు నీకు చెప్పింది నేను అల్లిన అబద్ధం. ఏమందో నాకు తెలియదు. ‘ఆగరా’ అనే అని ఉంటుంది.

ఆ శిష్యులు నయం, దుఃఖంతో అలసి నిద్రపోయారు. నేను మెలకువగానే ఉన్నాను. ఊరూ పేరూ తెలియనివాళ్ళ గొంతుల మీద నిలిపే చూపు అమ్మ మీద నిలపలేకపోయాను. మనసు ఎటుంటే ప్రార్థన అటే పోతుందక్కా. నాది ఆ జారిపడేవాడికి పోయింది.

క్షమించమని అడగడానికి నాకు నోరెక్కడిది? ఇప్పుడు సాయంత్రం ఫోను సెలూన్ సొరుగులోనే వదిలేసి వస్తున్నాను. అమ్మ మంచం పక్కన కూర్చుని, దగ్గుతూనే చదువుతున్నాను. లోయ దగ్గర ఆగి, ముందు నిన్నే తలుచుకుంటున్నాను, రెండు పేర్లతోనూ. ఆ తర్వాత ‘ఊఁ, చదువు’ అనేవాళ్ళు లేక, అక్కడే ఉండిపోతున్నాను.

ఇట్లు,
నువ్వు తిట్టినా పలికే
నీ తమ్ముడు