బూట్ మెనూలో నీ పేరు

బావా,

కాశీబుగ్గలో మన ముందుగదిలో కూర్చుని నువ్వు పెళ్లికార్డులు చేసిన కంప్యూటర్‌ని ఇవాళ మళ్లీ తెరిచాం. అమ్మాయికి ఇంటి నుంచి చేసే ఉద్యోగం వచ్చింది, దానికి ఇందులో కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాలట. నీ తెలుగు అక్షరాలేమో పాతదాంట్లోనే తెరుచుకుంటాయి. అందుకే పాతదీ కొత్తదీ రెండూ ఇందులోనే ఉండాలన్నాను. పైగా బారువ నుంచి సూరమ్మ వదిన వచ్చి కూర్చుంది. పెద్దకూతురికి నువ్వు చేసిన కార్డే చిన్నదానికీ కావాలట.

కొత్తది ఎక్కించి తెరిస్తే అదొక్కటే కనబడింది. నీది లేదు. నేను లేచి వెళ్లి బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

"పోయిందేటే?" అంది వదిన.

"పోలేదత్తా, డిస్కులోనే ఉంది. ఏది తెరవాలో అడిగే బూట్ లోడర్‌కి దాని సంగతి తెలీదంతే. సెప్తే సరిపోద్ది," అంది అమ్మాయి.

అరగంటకి నల్లటి తెర మీద రెండు వరుసలు వచ్చాయి, కొత్తదానికొకటి, నీదానికొకటి.

"ఏది పైన పెట్టనమ్మా?"

"కార్డులో పెద్దోల పేరే గదేటి పైన ఏత్తారు," అంది వదిన. నీది పైకి వెళ్లింది.

"దీనికి పేరేటి రాయను?"

"మీ నాన్న పేరు."

అమ్మాయి నా వైపు తిరిగింది. "ముందు కీర్తిశేషులు అని పెట్టాలేటి?"

ఏ కార్డులోనూ నువ్వు ఆ మాట మరిచిపోలేదు.

"వద్దే," అన్నాను. "వదిన కార్డు ఆయనే గదా సెయ్యాల."

ప్రూఫు నేను చూస్తాను, ఎప్పటిలాగే.