రాజేంద్రతో మీ పోటీ గురించి

భీమవరం

దుర్గాసాయి గారికి,

హారతి నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, అత్తయ్యా, పాపా బాగానే ఉన్నాం. మీరూ బెంగుళూరులో బాగున్నారని తలుచుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ట్రైనింగ్ క్యాంపులో ఆదివారం ఫోన్లు ఇచ్చే ఆ కాసేపూ పాప కబుర్లకే సరిపోతోంది. అందుకే మీలాగే నేనూ కాగితం పట్టుకున్నాను.

ముందు మీరు అడిగినవి చెబుతాను. అత్తయ్య మోకాలు కాస్త నయం. మందు మార్చారు. చేపల బజారుకి వెళ్ళొద్దంటే మాత్రం వినడం లేదు. "ఇంట్లో కూకుంటే కాళ్ళు పట్టేత్తన్నాయే" అని బుట్ట పట్టుకుని ఆటో ఎక్కేస్తున్నారు. పాపకి జలుబు తగ్గింది. మా స్కూల్లో ఆటల పోటీలు మొదలయ్యాయి. రోజంతా ఎండలో విజిల్ ఊది ఇంటికొచ్చేసరికి మాట పెగలడం లేదు. వంట చేస్తూ చేస్తూ అలా గోడకి ఆనుకుని నిలబడిపోతున్నాను.

రాజేంద్ర వీడియోలు చూసి రాయమన్నారు కదా. రోజూ చూస్తున్నాను. నేను జూడో మానేసి ఇన్నేళ్ళయినా నా కళ్ళు ఇంకా ఆట మరిచిపోలేదు. విశాఖ కుర్రాడు, మీకంటే పొడుగు, వయసులో బాగా చిన్న. మీ ఎమ్మెమ్మేలో పట్టూ దెబ్బా రెండూ చెల్లినా, కొట్టడమే అతని ఆట. ముందు ఎడమ కాలితో మీ పిక్క మీద తంతాడు. నొప్పి పుట్టి మీ చూపు కిందికి దిగిందంటే కుడిచేత్తో పంచ్ వస్తుంది. ఆ చెయ్యి కదిలే ముందు అతని గడ్డం కొంచెం పైకి లేస్తుంది, గమనించండి. వెనక్కి నడిచేటప్పుడు కాళ్ళు రెండూ దగ్గరకొచ్చేస్తాయి. కేజ్ చుట్టూ ఉన్న ఇనప కంచెకి ఆనించి నడుం పట్టారంటే ఇక అతని దగ్గర ఆట లేదు. కింద పడితే కంగారుపడి వీపు తిప్పేస్తాడు. చిన్నప్పటి నుంచి గోదావరిలో వల లాగిన చేతులు మీవి, చిక్కినవాణ్ణి వదలవు. మొదటి రౌండు అతనిది. ఆ తర్వాత మీదే. ఇది భార్యగా అంటున్న మాట కాదు.

కానీ అతని నడుం అందుకోవాలంటే ముందు అతని చేతుల మధ్య నుంచి వెళ్ళాలి. పట్టు పట్టి ఆడేవాళ్ళెవరికీ అది తప్పదు. మీరెప్పుడూ అలాగే వెళ్ళారు, తల వంచుకుని, తగిలినవి తగలనిచ్చి. వీడియో అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, దెబ్బ తగలకుండా లోపలికి వెళ్ళే దారి కోసం ఎంత వెతికానో! కనబడలేదండీ.

ఇక ఇంతసేపూ దాటేస్తూ వచ్చిన సంగతి.

కిందటి పోటీలో చెవి వెనక అంత దెబ్బ తిని కూడా మీరు గెలిచారు. ఆ తర్వాత వానల్లో, అత్తయ్యని తీసుకురావడానికి మీ ఊరు వెళుతూ, రావులపాలెం బస్టాండు నుంచి ఫోన్ చేశారు. మీకు గుర్తుందో లేదో.

"హారతీ, నేను ఎక్కడికి బయలుదేరాను?" అన్నారు.

వేళాకోళం అనుకుని నవ్వాను. "చెప్పవే" అన్నారు మళ్ళీ. ఆ గొంతు విని, అత్తయ్యని తీసుకురావడానికని చెప్పాను. ఇంటికొచ్చాక నిద్ర చాలక అలా అయిందన్నారు. నమ్మాను. నమ్మడమే తేలిక. ఆ తర్వాత మీరు అడిగిందే అడగడం, ఉప్పు వేసిన కూరలో మళ్ళీ ఉప్పు వేయడం. ఒకరోజు పొయ్యి దగ్గర అత్తయ్య నెమ్మదిగా అన్నారు: "ఆడికి తలలో ఏదో అయిందే. నువ్వూ సూత్తానే ఉన్నావు, నేనూ సూత్తానే ఉన్నాను."

మొన్న సోమవారం మీ కోచ్ చంద్రరావు గారికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. మీకు తెలియకుండా.

"మీరు నాకు చెబుతున్నట్టు సాయికి తెలుసా అమ్మా?" అని అడిగారాయన.

"తెలీదండి."

"తెలిస్తే ఊరుకోడు."

"ఊరుకోరండి. అందుకే మీకు చేశాను."

"ప్రాక్టీసులో చెప్పిందే మళ్ళీ అడుగుతుంటే పరధ్యానం అనుకున్నానమ్మా. నా కళ్ళెదురుగానే ఉన్నాడు" అన్నారాయన. తలకి స్కానింగ్ చేయించి, డాక్టరు సరే అనేదాకా మిమ్మల్ని కేజ్‌లోకి పంపనన్నారు. ఈ పోటీ నుంచి మీ పేరు తీసేయమని నిన్న నిర్వాహకులకి చెప్పేశారు. రాజేంద్రతో ఇంకెవరో ఆడతారు. సాయికి నేను చెప్పనా అని ఆయన అడిగితే, నేనే చెబుతానన్నాను. ఈ ఉత్తరం మీకు అందేదాకా ఆయన ఆగుతారు.

మీకు కోపం వస్తుంది. మీ అంతట మీరు వదులుకోవలసినదాన్ని నేను లాక్కున్నాను. నువ్వూ ఆడినదానివే, ఎలా చేయగలిగావు అంటారు. అలసిపోయానండీ. మీ నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ ఎక్కడ నిలబడి ఏం అడుగుతారోనని భయపడీ భయపడీ అలసిపోయాను. ఓడిపోతారని కాదు. మీరు గెలుస్తారు. గెలిస్తే ఇంకో పోటీ ఒప్పుకుంటారు.

వచ్చే శుక్రవారం బెంగుళూరు రైలుకి టిక్కెట్టు తీశాను. పాపని అత్తయ్య చూసుకుంటారు. స్టేషనుకి మీరు రావద్దు, చంద్రరావు గారు మనిషిని పంపుతానన్నారు. స్కానింగ్‌కి వెళ్ళేటప్పుడు మీ పక్కన ఉంటాను. నాతో మాట్లాడకపోయినా సరే, లేచి వెళ్ళిపోకండి.

ఇట్లు,
మీ ఇంటి మనిషి
హారతి