పెరట్లో నిలబడ్డ బండి

బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. మీరూ అక్కా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

సంగతేమిటంటే, కొండమీద కడుతున్న హాస్టలుకి ఇరవై రెండు తలుపులు చేసే పని నాకే వచ్చింది. వానలు పడేలోగా పైకి చేర్చాలి. ఆ దారి మీరు చూళ్ళేదు. సగం వాగు, సగం రాళ్ళు. అద్దె బండ్లవాళ్ళు దారి పేరెత్తగానే దణ్ణం పెట్టి వెళ్ళిపోతున్నారు. అందుకని సొంతంగా ఒక పికప్ బండి కొందామనుకుంటున్నా. ఏడడుగుల తలుపులు పట్టాలి. మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ, అమ్మా, నేనూ కూర్చోవాలి. కొండెక్కాలి. అంతే, పెద్ద కోరికలేం లేవు.

అమ్మ సంగతి మీకు తెలుసు. మోకాలు పట్టేశాక ఒకసారి బస్సు మెట్ల దగ్గర ఆగిపోతే, కండక్టరు అందరి ముందూ "తొందరగా ఎక్కమ్మా" అని కసిరాడు. ఆ రోజు నుంచీ బస్సు మొహం చూడలేదు. నాలుగేళ్ళయింది. అక్కే వచ్చి చూసి వెళుతోంది గానీ, మీరు కట్టుకున్న ఇంట్లో అమ్మ ఇంతవరకూ కాలు పెట్టనేలేదు. పైకి అనదు, కూతురింట్లో నాలుగు రోజులుండాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. నిజం చెప్పాలంటే బండి తలుపుల కోసం కాదు, అమ్మ కోసం.

మీరు మెకానిక్కులు, ఇంజన్ల గొడవ మీకే వదిలేశా. నాకు కొలతలు మాత్రం రాసి పంపండి. నా పద్ధతి తెలిసిందే కదా, ముందు నమూనా చేసి చూసుకోందే పీట కూడా చెయ్యను.

ఇట్లు,
రంపప్పొట్టులోంచి మీ బావమరిది

తా.క. తెలుపు రంగు వద్దని మా ఆవిడ. తెలుపే కావాలని పెద్దది. ఏ రంగైనా కిటికీ మాత్రం నాదేనని చిన్నది. నన్నెవరూ అడగలేదు.

*

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించా. నువ్వు అడిగింది ఒక బండి కాదురా, లారీ, కారు, కొండమేక, మూడూ కలిపి అడిగావు. ఇద్దరు కూర్చునే పికప్పుకి వెనక తొట్టి పొడుగ్గా ఉంటుంది. ఐదుగురు కూర్చునేదానికి తొట్టి ఐదడుగులే. తలుపుల్ని లోపల కూర్చోబెట్టి అత్తగారిని వెనక పడుకోబెడతానంటే చెప్పు, అలాంటిదే చూస్తా.

నీ అదృష్టం, ఇక్కడ పశువుల డాక్టరుగారు రిటైరవుతూ తన బండి అమ్ముతున్నారు. ఐదుగురి బండి, నాలుగు చక్రాలూ లాగుతాయి, వాగుల్లో దూడల వెంట తిరిగిన బండి. ఇంజను గడియారంలా నడుస్తోంది. కొలతలన్నీ చీటీ మీద రాసి జతచేశా. నేల నుంచి కాలు పెట్టే చోటు దాదాపు రెండడుగుల ఎత్తు, అత్తగారికి కష్టమే. నా మాట మీద ఆయన నెలాఖరు దాకా ఆగుతానన్నారు. ఆలోచించుకుని రాయి.

ఇట్లు,
బండి కింద పడుకుని రాస్తున్న మీ బావ

తా.క. ఉత్తరం మీద మరక చూసి మీ అక్క కన్నీళ్ళనుకునేవు, అది గ్రీజు. ఆవిడ కన్నీళ్ళు కవరు మీద ఉన్నాయి.

*

బావగారికి,

నమస్కారాలు. మీ చీటీ అందిన రోజే పని మొదలుపెట్టా. ఆదివారానికల్లా బండి మా పెరట్లో నిలబడింది! ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చున్నాం. వెనక సీట్లో మా ఆవిడ మోకాళ్ళు కాస్త తగులుతున్నాయి, సర్దుకుంటానంది. పిల్లలిద్దరూ కిటికీ కోసం జుట్లు పట్టుకున్నారు. తలుపులు తొట్టిలో పడుకోబెడితే రెండడుగులు బయటికొచ్చాయి. కేబిన్ మీద అడ్డకమ్మీ బిగించి ఏటవాలుగా ఆనిస్తే చక్కగా ఎనిమిది పట్టాయి.

అమ్మే ఎక్కలేకపోయింది. చేతులు పట్టి లాగబోతే "నేనేమన్నా బస్తానా?" అని కసిరింది. మొహం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు అన్నం సయించలేదు బావగారూ.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఎదురింటి దర్జీ చూసి తనకీ ఇలాంటిదే కావాలంటున్నాడు. హారన్ లేదుగానీ, ఆ లోటు చిన్నది తీరుస్తోంది.

*

బావమరిదికి,

ఈసారి ఆశీస్సులు లేవు. ఇరవై ఏళ్ళుగా బండ్ల కింద బతుకుతున్నవాణ్ణి, నాకు ఒక్క మాట చెప్పకుండా బండి తెచ్చి పెరట్లో పెట్టుకుంటావా? డాక్టరుగారికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? అయినా చెప్పేశా, మా వాడికి అక్కర్లేదటండీ అని.

సరే, అయిందేదో అయింది. ఇంజను ఎవరు చూశారు? ఆయిలు కారుతోందా? పొగ ఏ రంగు? క్లచ్చి ఎలా ఉంది? డీజిల్ ఎంత తాగుతోంది? ఒక్కొక్కదానికీ విడివిడిగా జవాబు రాయి.

ఇట్లు,
నీకు ఏమీ కాని బావ

తా.క. హారన్ కూడా లేని బండి నీకు అంటగట్టినవాడెవడో చెప్పు. వాడి పని పడతా.

*

బావగారికి,

నమస్కారాలు. మీకు కోపం ఎందుకొచ్చిందో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. "అంటగట్టినవాడు" ఎవరో అసలే తెలియలేదు. షెడ్డులో పని ఎక్కువై ఉంటుందని మా ఆవిడ అంటోంది.

అడిగినవాటికి జవాబులు రాస్తున్నా. ఆయిలు చుక్క కారలేదు. పొగ లేదు. క్లచ్చిని పిల్లలు రోజంతా తొక్కుతున్నారు, ఇంకా అరగలేదు. డీజిల్ అంటారా, ఈ పది రోజుల్లో ఒక్క చుక్క తాగలేదు. కొండదారిలో ఎలా ఉంటుందో చూద్దామని నిన్న నలుగురం పట్టి ఒక పక్క ఎత్తి, కింద రాళ్ళు పెట్టాం. లోపల అమ్మ ఉంది. దిగమంటే, "కొండ మీద కూడా దింపేస్తావా?" అంది.

అవును, ఎక్కుతోంది! ముక్కాలి పీట వేసుకుని, ఎవరూ లేకుండా చూసి, రోజుకి పదిసార్లు ఎక్కి దిగుతోందని పిల్లలు చెప్పారు. మొన్నటి నుంచీ పీట కూడా పక్కకి నెట్టేసింది. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. డాక్టరుగారి బండి ఖాయం చెయ్యండి అని రాద్దామనుకుంటే, మీరు వద్దనేశారట. ఎందుకండీ?

ఇట్లు,
ఏమీ అర్థంకాని మీ బావమరిది

తా.క. మొన్న వాన పడి బండి తలుపులు ఉబ్బి పట్టేశాయి. కాస్త చిత్రిక పడితే సరిపోయాయి.

*

బావమరిదికి బోలెడన్ని ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నాకు ముచ్చెమటలు పోశాయి. డీజిల్ తాగదు, నలుగురు పడితే లేస్తుంది, వానకి ఉబ్బుతుంది! ఎవడో ఇంజను లేని డొక్కు నీ నెత్తిన పెట్టాడని తేల్చుకున్నా. సంచీలో పానాలు వేసుకుని మీ ఊరు బయల్దేరా. బస్టాండులో మీ ఊరి బస్సు వచ్చి ఆగింది. అందరికంటే ముందు దిగింది ఎవరనుకున్నావు? అత్తగారు! ఒక్కర్తే. కండక్టరు చెయ్యి అందిస్తే, "అక్కర్లేదు, తప్పుకో నాయనా" అంది.

"వాడు బండి ఎవరి దగ్గర కొన్నాడు అత్తయ్యా?" అంటే, "కొనడమేమిటి అల్లుడూ, చెక్కతో చేశాడుగా" అంది. నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డా. నీ పద్ధతి తెలిసీ నాకు బుర్ర వెలగలేదు చూడు! ఆవిడ నా పక్కన కూర్చుని, "పన్నెండు రోజులు రెండడుగుల ఎత్తు ఎక్కి దిగాను. బస్సు మెట్టు అడుగే. దీనికా నాలుగేళ్ళు భయపడ్డాను అనిపించింది" అంది.

నువ్వు కొండమీద కొలతలకి వెళ్ళగానే చెల్లెమ్మే దగ్గరుండి బస్సెక్కించిందట. నీకు చెబితే "బండి వచ్చేదాకా ఆగమ్మా" అంటావని చెప్పలేదట. ఈపాటికి చీవాట్లు పెట్టే ఉంటావు, పెట్టకు. మీ అక్క గుమ్మంలో అమ్మను చూసి చేతిలో గిన్నె వదిలేసింది. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. నేను గిన్నె తీయడానికన్నట్టు వంగి కళ్ళు తుడుచుకున్నా.

డాక్టరుగారి బండి ఇంకా ఉంది. అత్తగారే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, ఎక్కి కూర్చుని, "మా వాడు చేసినదాంట్లో సీటు ఇంతకంటే మెత్తన" అని ఆయన మొహం మీదే అనేసి, ఖాయం చేసి వచ్చింది. శుక్రవారం తోలుకొస్తా. తలుపులు మనిద్దరం కలిసి కొండెక్కిద్దాం. ఆవిడ మాత్రం నాతో రారట. నెల రోజులు ఇక్కడే ఉండి, బస్సులో వస్తారట.

ఇట్లు,
మళ్ళీ మీ బావ

తా.క. అత్తగారు దగ్గరుండి రాయిస్తున్న మాట: ఆ చెక్కబండి విప్పకు. వచ్చేలోగా ఇంకో అడుగు ఎత్తు పెంచి ఉంచు. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు రైలెక్కాల్సినంత దూరంలో ఉందట.