బూజుగాడి కల

ప్రియమైన ఫొటోల రాణికి,

క్షేమంగా చేరాం. కిటికీ సీటు కోసం బస్సులో చిన్నపిల్లాడిలా పేచీ పెట్టిన మీ అన్నయ్య, కూర్చోగానే గురక పెట్టాడు. ఆసుపత్రి చిన్నది. నేను కాక ఇంకో నర్సు ఉంది. క్వార్టర్సులో జంతువులు కూడదని గోడ మీదే రాసి పెట్టారు. అందుకే బూజుగాడిని నీ నెత్తిన పెట్టాల్సి వచ్చింది. ఈ కొండ మీద ఫోన్లు లేవు, మనకిక ఉత్తరాలే గతి.

చూడ్డానికి బొచ్చెలుకలా ఉన్నా వాడిని ఎలుక అని మాత్రం అనకు, వాడి జాతి చించిల్లాలకి రోషం ఎక్కువ. ఆ బొచ్చుకి వేడి అస్సలు పడదు. నీళ్ళు పోయకు, గిన్నెలో సన్నటి పొడి పోస్తే వాడే పొర్లి స్నానం చేస్తాడు. ఎండుగడ్డి ఎప్పుడూ బోనులో ఉండాలి. ఇంకో మాట. ఒక్కోసారి ఉన్నట్టుండి పక్కకి ఒరిగి కాళ్ళు కొట్టుకుంటాడు. వాడికి కలలొస్తాయిలే. కంగారుపడకు, కాసేపటికి లేచి కూర్చుంటాడు.

వాడికో ముద్దు, నీకో మొట్టికాయ.
మీ వదిన

*

ప్రియమైన వదినకి,

నీ బూజుగాడు నా స్టూడియోకి హీరో అయిపోయాడు! ఫొటో అనగానే గుక్కపట్టి ఏడ్చే పిల్లలు కూడా వీడి బోను చూపిస్తే చాలు, నోరు తెరిచి నవ్వుతున్నారు. వీడి ఫొటో ఒకటి తీసి బయట అద్దాల్లో పెడదామని నాకు బుద్ధి పుట్టింది.

అయితే వీడు ఒక్క క్షణం కుదురుగా ఉంటేనా! పెద్ద లైట్లు వేసి, స్టూలు మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నమంతా "కదలకురా బాబూ, కదలకు" అని అరిచి నా గొంతు పోయింది. చివరికి నువ్వు చెప్పిన కల వచ్చింది. పక్కకి ఒరిగి కాళ్ళు టకటకా కొట్టుకున్నాడు, ఆ తర్వాత బొమ్మలా పడుకుండిపోయాడు. నేను వదులుతానా? ఇంత బుద్ధిగా పోజిచ్చినవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఫొటో జత చేస్తున్నాను. అద్దాల్లో దాన్ని చూసినవాళ్ళంతా "ఎంత ముద్దుగా పడుకున్నాడో" అంటున్నారు. అన్నయ్యకి కూడా చూపించు. నేను కెమెరా కొన్నప్పుడు ఎగతాళి చేశాడుగా.

నీ ఫొటోల రాణి

*

అమ్మాయికి,

ఫొటో చేతిలో పట్టుకునే కొండ దిగాను. నీ స్టూడియోకి రెండుసార్లు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని ఇది రాసి, బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

అది నిద్ర కాదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, కానీ ఎటూ చూడటం లేదు. గడ్డం కింద బొచ్చు తడిసిపోయింది, చొంగ కారి ఉంటుంది. వెనక కాళ్ళు కర్రల్లా చాపాడు. వాడికి మూర్ఛ వచ్చింది, దాని వెనకే షాక్‌లోకి వెళ్ళాడు. షాక్ అంటే భయపడటం కాదు, ఒంట్లో నెత్తురు సరిగా తిరగకపోవడం. ఒళ్ళు వాలిపోతుంది, చెవులూ పాదాలూ చల్లబడతాయి, చెవులూ చిగుళ్ళూ పాలిపోతాయి, ఊపిరి పైపైన ఆడుతుంది. ఫొటోలో చెవులు మాత్రం గులాబీ రంగులో ఉన్నాయి. అదొక్కటే నాకు అంతుబట్టడం లేదు.

మళ్ళీ వస్తే గట్టిగా అదిమి పట్టుకోకు, నోట్లో ఏమీ పెట్టకు. చుట్టుపక్కల తగిలేవి తీసెయ్, గది చీకటి చెయ్, చప్పుడు లేకుండా చూడు. ఆగాక ఒళ్ళు చల్లగా ఉంటే మెత్తటి గుడ్డ చుట్టు. వేడెక్కి ఉంటే గుడ్డ వద్దు, చల్లటి గదిలోకి తీసుకెళ్ళు. ఎలా ఉన్నా సరే, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తు.

వేడి పడదని చెప్పానా, లేదా? ఆ లైట్ల కింద మధ్యాహ్నమంతా కూర్చోబెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి? నీకు అప్పగించాను చూడు, నా బుద్ధి గడ్డి తింది.

వదిన

*

వదినా,

ప్రియమైన అని రాయడానికి ముఖం చెల్లడం లేదు.

బూజుగాడు బతికే ఉన్నాడు. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో.

సెలవు రోజున, స్టూడియో మూసి ఉండగా మోగే ఫోను నీదేనని తెలుసు. పక్కనే నిలబడి, మోగినంతసేపూ చూస్తూ ఊరుకున్నాను. ఎందుకంటే దానికి ముందురోజే వాడికి మళ్ళీ వచ్చింది. ఈసారి లైట్లూ లేవు, ఏమీ లేవు. వంటింటి మూల బోనులో చల్లగా కూర్చున్నవాడు ఉన్నట్టుండి ఒరిగిపోయాడు. నేను టీ తాగుతూ, "ఏం కలరా అది, ఎవరు తరుముతున్నారు?" అని నవ్వుతూ చూశాను. ఆగాక ఎత్తుకుంటే తల వేలాడిపోయింది. చెవి నా చెంపకి చల్లగా తగిలింది. అప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాను, ఒక కాలికే చెప్పు ఉందని కూడా తెలియలేదు.

చెవుల సంగతి అడిగావు. ఆ రంగు నేనే పూశాను వదినా. ఫొటోలో చెవులు తెల్లగా పడ్డాయి, లైటు ఎక్కువైందనుకున్నాను. పెళ్ళి ఫొటోల్లో పెళ్ళికూతుళ్ళ బుగ్గలకి అద్దే గులాబీ రంగుని ఫొటో మీదే సన్న కుంచెతో అద్దాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. వాడు ప్రాణం మీదికి తెచ్చుకుని పడి ఉంటే, నేను వాడికి సింగారం చేశాను.

ఫొటో తీసేశాను. పక్కకొట్టు దర్జీ వచ్చి "ఆ ముద్దు ఫొటో ఏదమ్మా?" అని అడిగితే తల కొట్టేసినట్టయింది. చెడిపోయిందన్నాను.

పశువుల డాక్టరు గారు ఒకటే ప్రశ్న పదే పదే అడిగారు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా అని. లేదండీ, లైట్ల కింద పెట్టింది నేనే, మొదలుపెట్టింది నేనే అన్నాను. అలాగైతే కొన్నాళ్ళు చూద్దాం, పాతదైతే మాత్రం రోజూ మందు వేయాలి, ఆలస్యమైతే దక్కడు, మీ వదినగారిని కూడా ఒకసారి కనుక్కోండి అన్నారు. కనుక్కోవడానికి ఏముంది, నిర్వాకమంతా నాదే కదా. అయినా రాయమన్నారని రాస్తున్నాను.

నన్ను ఇంకా తిట్టు. తక్కువ తిట్టావు.

నీ ఆడపడుచు

*

ప్రియమైన నా తల్లికి,

డాక్టరు గారికి వెంటనే చెప్పు. పాతదే. నేను బయల్దేరకముందే రెండుసార్లు వచ్చింది.

మొదటిసారి చూసినప్పుడే నాకు తెలుసు. నర్సుని నేను, మూర్ఛని గుర్తుపట్టలేనా? జబ్బు జంతువు అంటే నువ్వు తీసుకోవని భయపడ్డాను. నువ్వు కాదంటే వాడికి ఇంకో ఇల్లు లేదు. అందుకని ఒక పూటంతా ఆలోచించి ఒక మంచి మాట వెతికాను. కల. నువ్వు రంగు చెవులకి పూశావు, నేను జబ్బుకే పూశాను.

జబ్బు దాచిపెట్టి వార్డులో చేరినవాళ్ళ మీద కేకలేస్తాను నేను. ఫొటో చూడగానే నాకు వచ్చింది కోపం కాదు, నా గుట్టు బయటపడుతుందన్న వణుకు. ఆ వణుకులోనే నిన్ను తిట్టాను. లైట్ల సంగతి నీ తప్పే, కాదనను. కానీ టీ తాగుతూ నువ్వు నవ్విన నవ్వు నాది. నా మాట నమ్మి నవ్వావు. మీ అన్నయ్యకి నిన్ననే చెప్పాను. లేచి బయటికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ తిట్ల ఉత్తరం చించెయ్. నాకు నిన్ను ఏమని పిలవాలో కూడా తెలియడం లేదు.

వదిన అనిపించుకోవాలని ఆశపడుతూ,
నేను

*

ప్రియమైన వదినకి,

అబద్ధమెందుకు, ముందు ఒళ్ళు మండిపోయింది. నీ పెళ్ళి ఫొటోకి మీసాలు గీద్దామని కుంచె కూడా తీశాను. అన్నయ్య పక్కన నువ్వు మరీ ముద్దుగా నవ్వుతుంటే చేయి రాలేదు.

ఆ పూటే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. రోజూ మందు మొదలైంది. "మీ వదినగారు నర్సన్నారు కదా, తెలిసి కూడా చెప్పకుండా వెళ్ళారా?" అని అడిగారు. చెప్పింది, నేనే మర్చిపోయానన్నాను. ఆయన కళ్ళద్దాల మీదుగా నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది! పోనీలే. ఆ చూపు నాకు అలవాటైపోయింది. ఇద్దరం సిగ్గుపడటం దేనికి, నేనొకదాన్ని చాలు.

నీ తిట్ల ఉత్తరం చించను. పనికొచ్చే మాటలు చాలా ఉన్నాయి, బోను పక్కన గోడకి అంటించాను. చివరి మూడు వాక్యాలు మాత్రం కత్తెరతో తీసేశాను, వదిన అనే సంతకం ఉంచి.

ఇది రాస్తుంటే బూజుగాడు నా ఎదురుగానే పడుకుని ఉన్నాడు. ఇప్పుడే వెనక కాలు కదిపాడు. కలం పడేసి పరుగెత్తాను. చెవి పట్టుకుని చూశాను, వెచ్చగా ఉంది. గడ్డం పొడిగా ఉంది. పేరు పెట్టి పిలిచాను, కళ్ళు తెరిచి విసుగ్గా నా వైపు చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

ఇది కలే వదినా.

నీ ఫొటోల రాణి