దేశీదా, జర్మనీదా

తమ్ముడు రఘుపతీ,

పక్కింటి వినోదకు కన్ను పోతుంటే, దేశీ తుపాకి మంచిదా, జర్మనీది మంచిదా అని నువ్వు ఇంకా తూకమేస్తున్నవా?

ఆదివారం భేస్తాన్ బస్తీల మీ డాబా మీద గురికి డబ్బా పెట్టి ఇద్దరం కాల్చినం. దేశీ గాలి తుపాకి నా చేతిల, జర్మనీది నీ చేతిల. దేశీదాని వేలితో గుంజే ఘోడా గట్టిది, గుంజితే గొట్టం పక్కకు పోతది. జర్మనీది వెన్నలెక్క కదులుతదని నువ్వు మురిసినవు. మల్ల ఇద్దరం ఒక్కసారే పేల్చినం, అంతల్నే పక్క డాబా మీద బట్టలారేస్తున్న వినోద కన్ను పట్టుకొని కూలబడ్డది. మనం గోడచాటుకు వంగినం.

దవాఖాన నిండ కరోనా రోగులే. గులకరాయి తగిలిందనుకొని చుక్కల మందిచ్చి పంపిండ్రట, మొన్న ఫోన్ల నువ్వే చెప్పినవు. లోపల తుపాకి గుండు, సీసం ఛర్రా, ఉన్నదని మనిద్దరికే ఎరుక.

"గురి తప్పేది దేశీదే అన్నా" అన్నవు. కావచ్చు. తగిలిన దెబ్బ నాదే అని రాసిస్తున్న. పురాణంల ఏనుగనుకొని మనిషిని బాణంతో కొట్టిన రాజు, ఆ ముసలి తల్లిదండ్రుల ముందు తానే పోయి నిలబడ్డడు. హరికథలల్ల ఆ కథ చెప్పి పదేండ్లు మందిని ఏడిపించిన నేను, గోడచాటుకు వంగిన.

నాకు జరం, కరోనా అని మా గల్లీకి అడ్డం కర్రలు కట్టిండ్రు. వినోద వాళ్ల నంబరు నా దగ్గర లేదు, నువ్వేమో మొన్నటి సంది ఫోన్ ఎత్తుతలేవు. పాలు పోసే పిలగాని చేతికిచ్చి పంపుతున్న ఈ కాయితం పట్టుకొని ఇయ్యాలనే వినోద ఇంటికి పో. నా పేరే చెప్పు. పొద్దుగూకకముందే ఆమెను డాక్టర్ ముందట కూసోబెట్టు.